నూట ఎనిమిది కిలోల చుక్కాని

చిన్న విమానాలు దిగే మైదానం గేటు ఎదుటి టీ కొట్టులో ఆ ఉదయం కొట్టాయనతో కలిపి నలుగురే ఉన్నారు. బల్ల చివరన కూర్చున్న పైలట్ టీ ముట్టలేదు. పదకొండింటికి అతని మీద విచారణ. ఇంజన్ సగం శక్తి కోల్పోయినా విమానం రన్‌వే దాకా రావలసిందేననీ, పొలంలో దింపడం అతని చేతకానితనమేననీ అధికారుల అనుమానం. అదే తేలితే లైసెన్సు పోతుంది. ఆ అద్దె విమానంలో మరో ఇద్దరితో కలిసి ప్రయాణించిన తూకం మిషన్ల వ్యాపారి మాత్రం మూడో టీ మీద ఉన్నాడు.

"నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. ఇంజన్ గొంతు మారిందని అందరికన్నా ముందు పసిగట్టాను, అంతే. ముప్పై ఏళ్లుగా త్రాసు ముల్లు వణుకు చూస్తున్నవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? 'ముక్కు కిందికి పెట్టు బాబూ' అన్నాను. ఏం బాబూ, అన్నానా లేదా?"

"'అమ్మా' అన్నారండీ. రెండుసార్లు," అన్నాడు పైలట్.

"పాపం, కంగారులో సరిగ్గా విని ఉండడు. సరే, ఎడమ పక్క పొలం, కుడి పక్క కాలువ. విమానమేమో కాలువ వైపే పోతానంటోంది. అప్పుడు ఎడమకి ఒరిగాను. నేను ఒరగడమంటే మాటలా, నూట ఎనిమిది కిలోలు. విమానం పెంపుడు కుక్కలా నా వెంట తిరిగింది. ఎదురుగా కరెంటు తీగలు. వెనక్కి వాలాను, ముక్కు లేచింది. తీగలు దాటాక ముందుకి వంగాను, దిగింది."

"సీటు బెల్టు ఉంటుంది కదండీ?" అడిగాడు కొట్టాయన.

"ఉంటే? బెల్టుతో సహా ఒరిగాను. నేల విడిచి సాము చేయొద్దన్నారు పెద్దలు, వాళ్లకి విమానం ఎక్కే యోగం లేక. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందున్న పంకా కాస్తా ఆగిపోయింది. కిటికీ తీసి, గుండెల నిండా గాలి పీల్చి ఊదాను. ఏడు చుట్లు తిరిగింది, లెక్కపెట్టాను. నేల ముంచుకొస్తోంది, బ్రేకులు పట్టడం లేదు. తలుపు తీసి కాలు కింద ఆనించాను. వెళ్లి చూడండి, ఆ పొలం ఈ ఏడు దున్నక్కర్లేదు."

"చెప్పు అరగలేదా బావా?" వ్యాపారి బావమరిది అడిగాడు. ఆ మైదానంలో ప్రయాణికుల బరువులు నమోదు చేసే గుమాస్తా అతనే.

"అరిగింది. ఇవి కొత్తవి."

"బరువు నూట ఎనిమిదేనా?"

"ప్రయాణం రోజు పొద్దున మా కొట్లోనే చూసుకున్నాను. మా మిషన్ గ్రాము తేడా రానివ్వదు."

గుమాస్తా సంచిలోంచి బరువుల పత్రం నకలు తీసి బల్ల మీద పరిచాడు. "ఆ రోజు మిషన్ ఎక్కమంటే, 'తూకాలు అమ్మేవాణ్ణే తూస్తావా' అన్నావు. అక్క మొగుడివని నీ మాట మీదే రాశాను, డెబ్బై రెండని. సంతకం నీదే. ఉన్నది రాస్తే విమానం బరువు మించిందని మీలో ఒకరిని దించేయాల్సి వచ్చేది. సగం శక్తితో ఈ అబ్బాయి రన్‌వే దాకా ఎందుకు రాలేకపోయాడో ఇప్పుడు అర్థమైంది. నా తప్పు నేను విచారణలో ఒప్పుకుంటాను. నువ్వు ఒక్కటి తేల్చు. ఏది అబద్ధం బావా, కథా, కాగితమా?"

వ్యాపారి గ్లాసు దించి, పైలట్ ముందు చల్లారిపోయిన టీ వంక చూశాడు. కలం అడిగి తీసుకుని, డెబ్బై రెండు కొట్టేసి, పక్కన నూట పదిహేడు అని రాసి సంతకం పెట్టాడు.

"నూట ఎనిమిది అన్నావు?"

"నలుగురిలో చెప్పాల్సి వచ్చింది కదరా," అన్నాడు వ్యాపారి, గొంతు తగ్గించి. "కాస్త తగ్గించాను."