శుక్రవారపు మాట

ఫిలింనగర్ ఇంట తల్లి పదోనాటి కర్మ. డాబాపై పిండం పెట్టి గంటైనా కాకి ముట్టలేదు. అలసిన కొడుకు మేనమామ వైపు తిరిగాడు.

“నాన్నగారిని, చెల్లిని చూసుకుంటానని మాటిచ్చాను మామయ్యా. అమ్మకింకా ఏ కోరిక మిగిలింది?”

“ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి మాట ఎత్తలేదు నువ్వు.”

“ప్రతి శుక్రవారం వెళ్లి, దిక్కులేని రోగులకు తల దువ్వి జడలు వేసేది. ఎడిటింగ్ గదిలో పగలూ రాత్రీ తెలియనివాణ్ణి, నావల్ల అవుతుందా? పిండం ముందు అబద్ధమాడలేను.”

“ఆడవద్దు నాయనా. చేయగలిగినంతే చెప్పు.”

“అమ్మా, ఈ ఒక్క శుక్రవారం వెళతాను. వాళ్లు ఎదురుచూస్తుంటారు. నువ్విక రావని చెప్పి వస్తాను... ఒక్క వారానికి తృప్తిపడుతుందా, మామయ్యా?”

“పడుతుంది. పన్నెండేళ్ల కిందట అక్కయ్య కూడా ఒక్క శుక్రవారానికనే వెళ్లింది.”