ఆరో గీత దాకా చాలు

హలో… ఆ, నేనేనమ్మా. చెప్పు చెల్లమ్మా.

…లేదు, పడుకోలేదు. ఫోన్ పక్కనే కూర్చున్నా. రిటైరైన మెకానిక్కి ఏం పనుంటుంది.

…ఆయిల్ మళ్ళీ తగ్గిందా? ఎన్ని గంటలు ఎగిరావు?… నాలుగు. నాలుగు గంటలకే కొలత పుల్ల మీద గీతన్నర దిగిపోయిందా.

…విమానం పొట్ట కింద చూశావా?… ఊఁ. ఇంజన్ ఆవిరి బయటికి వదిలే గొట్టం దగ్గర మొదలై తోక దాకా జిడ్డు. అదే చారిక.

…ఆగాగు. క్రేన్ ఎందుకు?… ఇంజన్ దింపేస్తారా? ఇవాళే?

…పిస్టన్ రింగులు అరిగిపోయాయన్నారా. వాళ్ళ బొంద. కంప్రెషన్ పోయిన నెలే చూశావుగా, నేనే చూడమన్నాను. నాలుగు సిలిండర్లూ భేషుగ్గా ఉన్నాయి. ప్లగ్గులు పొడిగా ఉన్నాయి. ఫిల్టరు కోసి చూస్తే ఇనప రజను ఒక్క పలుకు లేదు.

…ఏంటీ?… విమానం అమ్మేస్తావా?

…ఏడవకమ్మా. నీవల్ల కాకపోవడమేంటి. మీ ఆయన పోయాక ఆ బండిని నువ్వెలా చూసుకుంటున్నావో నాకు తెలీదూ.

…ముందు నా మాట విను. కొక్కెం తగిలించొద్దని చెప్పు వాళ్ళకి… చెప్పావా? సరే.

ఇప్పుడు చెప్పు. ఆయిల్ ఎంతదాకా పోస్తున్నావు?… ఎనిమిదో గీత దాకా. పుస్తకంలో ఉన్నట్టే. పుస్తకం ఎంత పడుతుందో చెప్తుందమ్మా, ఎంత ఉంచుకుంటుందో చెప్పదు. మీ ఆయన ఆరే పోసేవాడు. ఇరవై ఏళ్ళు నా చేతిలో ఉన్న బండి అది. పైనున్న రెండు గీతలూ గొట్టంలోంచి కక్కేస్తుంది. కడుపు నిండాక కుక్కితే ఎవరైనా అంతే. ఆరుకి దిగాక ఇక ఊరుకుంటుంది. నువ్వేమో ఊరుకోనివ్వకుండా మళ్ళీ నింపుతున్నావు.

…అంతే. రోగమేం లేదు.

…నాకా?… నాకెప్పుడు తెలిసిందంటే…

…చెప్తున్నా ఉండు. నువ్వు రెండోసారి ఫోన్ చేసినప్పుడే.

…అవును, ఆరు నెలలైంది.

…ప్లగ్గులా? విప్పి చూశాక ఎలా ఉన్నాయో చెప్పడానికి ఫోన్ చేస్తావని విప్పమన్నాను. ఫిల్టరూ అందుకే. కంప్రెషనూ అందుకే. చూడమనడానికి ఇంకేముందా అని వెతుక్కుంటూ కూర్చునేవాణ్ణి.

…ఎందుకంటే ఏం చెప్పను. పొద్దున్న లేస్తే ఈ గది, ఈ కుర్చీ, ఎదురింటి వాళ్ళ మూసిన కిటికీ. కొన్ని వారాలు నీతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు నేను. ఒంటరిగా ఉందమ్మా. ఇంకే కారణమూ లేదు.

…నిజమే. నువ్వు హడలిపోతుంటే ఊరుకున్నాను. అమ్ముకునే దాకా తెచ్చాను. తప్పే. తిట్టు, పడతాను.

…హలో?… ఉన్నావా?

…ఆ, వినపడుతోంది. క్రేన్ వాళ్ళని పంపించేశావా. మంచిపని చేశావు.

…ఆరు దాకానే పొయ్యి. పది గంటలు ఎగిరి చూడు. అక్కడే నిలబడుతుంది. నిలబడితే ఇక నాకు ఫోన్ చెయ్యాల్సిన పనే లేదు.

…నేనా? ఊరికే మాట్లాడ్డానికి నేనే ఫోన్ చెయ్యాల్సిందా?

…ఏమని చెయ్యనమ్మా. చెడిపోయిందని చెప్పడానికి నా దగ్గర విమానం లేదుగా.

…హలో? చెల్లమ్మా?… హలో…

పెట్టేసింది.