చెరో కొస

"పక్కింటావిడ చెప్పింది. వాళ్ళ తమ్ముడు మీ అన్నయ్యగారింటికి రంగులు వేయడానికి వెళ్ళాడట. వెనకగదికి లేత గులాబీ రంగు వేయించారట. ఎవరికండీ ఈ గది అంటే, మా తమ్ముడి కూతురికి, పై నెల నుంచి మా దగ్గరే ఉంటుంది అన్నారట."

"ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. నీ కొస కాస్త పైకెత్తు."

"ఎత్తాను. ఇంకా ఎత్తాలంటే నాకు మరో జానెడు చేతులు మొలవాలి."

గోడకు ఆ పొద్దున్నే బిగించిన చెక్క అర రెండు పక్కలా స్క్రూలు సగం ఊడి వేలాడుతోంది. దాని మీద ఆమె కుట్టుమిషను ఉంది. మొగుడూ పెళ్ళామూ చెరో స్టూలెక్కి, చెరో కొస ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.

"అర బిగించీ బిగించగానే దాని మీద మిషను ఎక్కించమని ఎవరు చెప్పారు మీకు?"

"బలం చూద్దామని."

"పుస్తకాలు పెట్టుకునే అరకి మిషనుతో బలం చూస్తారా?"

"మిషనుకే నిలబడితే పుస్తకాలకి నిలబడదా అనుకున్నాను."

"నిలబడ్డాం కదా, మనం. ఇది కిందపడితే నా పని గోవిందా. సగం కుట్టిన బట్టలు గంపెడున్నాయి. స్క్రూడ్రైవర్ ఏది?"

"మంచం కిందికి దొర్లిపోయింది."

"దిగి తెచ్చుకోండి."

"నేను దిగితే మిషను ఇటు జారి నా నెత్తిన పడుతుంది."

"పోనీ నేను దిగుతాను."

"అప్పుడు అటు జారి నీ నెత్తిన పడుతుంది. అమ్మాయిని కేకెయ్యి."

"వేశాను. వంటింట్లో పీట మీద కూర్చుని చదువుకుంటోంది. పుస్తకం పడితే దానికి చెవులుండవు. పక్కింటావిణ్ణి పిలవనా?"

"వద్దు. వీధి తలుపు లోపల గడియ వేసి ఉంది. లేకపోయినా వద్దు. చెక్కముక్క బిగించడం రాని మగాడని సాయంత్రానికల్లా టముకు వేస్తుంది."

"సరే అయితే. ఇన్నాళ్ళకి కదలకుండా దొరికారు. ఈ మాట ఎత్తితే చాలు, చెప్పులేసుకుని వీధిలోకి పోయేవారు. చెప్పండి. బావగారు పిల్లని అడిగారా?"

"చెయ్యి లాగేస్తోంది."

"నాకూ లాగుతోంది. అడిగారా?"

"అడిగాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? చూద్దాంలే అన్నయ్యా అన్నాను."

"చూద్దాంలే అంటే అవునా, కాదా?"

"చూద్దాంలే అంటే చూద్దాంలే."

"గదికి రంగు వేయించిన మనిషికి అది అవుననే వినపడింది."

"కాదని ఎట్లా అనేది? నన్ను చదివించినవాడు. వాళ్ళకా ఒక్క నలుసు కలగలేదు. నోరు రాలేదు."

"నా మీదికి బాగానే వస్తుందే ఆ నోరు."

"మొదలెట్టావా?"

"నేనా మొదలెట్టింది? నిన్న గ్లాసు విసిరిందెవరు?"

"విసరలేదు. పెట్టాను. కాస్త గట్టిగా పెట్టాను."

"గోడ అవతలికి వినపడేలా పెట్టారు."

"నువ్వు మాత్రం? మూకుళ్ళతో మాట్లాడావు రాత్రంతా."

"మనుషులు మాట్లాడకపోతే మూకుళ్ళతోనే మాట్లాడతాను. దారి మళ్ళించకండి. నాకున్నది ఒక్కగానొక్క పిల్ల. దాన్ని ఇచ్చేస్తారా?"

"ఇస్తానని ఎవరన్నారు? ఇచ్చేవాణ్ణయితే ఈ అరెందుకు? పుస్తకాలకి చోటు లేదని ఏడాదిగా అడుగుతోంది అది. పొద్దున్నే లేచి గోడకి ఇన్ని కన్నాలు పొడిచింది దేనికనుకున్నావు?"

"అంటే, అన్నయ్యగారికి కాదని చెప్పలేక గోడకి చెప్పారన్నమాట."

"గోడ మాత్రం విందా? ఇసక తప్ప ఏముంది దీన్లో? ఎంత పెద్ద స్క్రూ పెడితే అంత పెద్ద బొక్క."

"ఫోన్ చేసి చెప్పండి. ఇప్పుడే."

"ఫోన్ జేబులో ఉంది. చేతులెక్కడున్నాయో చూడు."

"మీ చేతులు ఎప్పుడు ఖాళీ గనక."

"దిగగానే చేస్తాను. ఒట్టు. కుదరదు అన్నయ్యా, ఏమీ అనుకోకు అని చెప్తాను."

"ఏమీ అనుకోకు అక్కర్లేదు. కుదరదు, అంతే."

"అంతే. కుదరదు."

"మళ్ళీ అనండి."

"కుదరదు. కుదరదు. ఏడవకు, అర కదులుతోంది."

"ఏడవట్లేదు. మీ కొస చూసుకోండి. ఇన్నేళ్ళూ లేని బుద్ధి ఆయనకి ఇప్పుడెందుకు పుట్టింది? మీ వదినగారే ఎక్కించి ఉంటారు."

"మా వదిన అట్లాంటిది కాదు."

"అయితే అట్లాంటిదాన్ని నేనా?"

"ఆ మాట నేనన్నానా?"

"అనకుండా అనడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరు."

"అరవకు."

"అరుస్తున్నది మీరు."

"నేను మామూలుగా మాట్లాడుతున్నాను!"

"ఇదా మామూలు? ఇదిగో, అదే వచ్చింది. అమ్మలూ, మంచం కింద స్క్రూడ్రైవర్ ఉంది, నాన్నకి అందించు తల్లీ."

"ఇదిగో నాన్నా."

"మా అమ్మే. ఇది నీ అరే, నీ పుస్తకాలకే. ఇంకో గంటలో సిద్ధమవుతుంది. చూడు, నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. పెదనాన్న నిన్ను పంపమన్నాడు గానీ, కుదరదని చెప్పేస్తున్నాను."

"పెదనాన్నకి నేనే చెప్పాను నాన్నా, నన్ను తీసుకుపొమ్మని. అక్కడ వాళ్ళిద్దరూ మెల్లగా మాట్లాడుకుంటారు."