డిశ్చార్జి అన్నావుగా

అరవొద్దంటావేం సిస్టరమ్మా? అరుస్తాను! వరండా అంతా విననీ.

మొన్న మా ఆయనకి కట్టు విప్పింది నువ్వే కదా? రత్నరాజు, కిటికీ పక్క మంచం. రొయ్యల చెరువులో గాజుపెంకు దిగింది, షుగరుండబట్టి మానలేదు. ఆ కాలు చూసి మొహం అదోలా పెట్టి ఏమన్నావు? "డిశ్చార్జి అవుతోందండీ" అన్నావు. అవునా, కాదా?

"ఇయ్యాలేనా అమ్మా?" అన్నాను. "ఆఁ, ఇవాళే" అనేసి, ఫోను మోగితే ట్రే పట్టుకుని వెళ్లిపోయావు.

నన్నేమనుకోమంటావు? మా పుట్టిల్లు తోట్లవల్లూరు. ఏటి ఒడ్డున పెరిగినదాన్ని. బ్యారేజీ కాడ డిశ్చార్జి పెరిగిందంటే నీళ్లొదిలారని గేదెల్ని గట్టెక్కించేవాళ్లం. ఆసుపత్రిలో డిశ్చార్జంటే మనిషిని వదిలారని. ఏదైనా వదలడమేగా! పుండులోంచి కారే చీముక్కూడా అదే పేరని నాకెవరు చెప్పారు?

ప్రభువా స్తోత్రం అనుకుంటా గిన్నెలు సర్దేశాను. కాయితాలా? అడిగానమ్మా! ఆ కౌంటరు కాడ మనిషి తలెత్తితేగా! తర్వాత రమ్మని చెయ్యి ఊపాడు. నాగాయలంక బస్సెక్కాక మా ఆయన మొహం చూడాలి... పెళ్లికెళ్తున్నట్టు కూర్చున్నాడు.

తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతా ఉంది. కాలు నల్లబడింది. దుప్పటి తీస్తే ఆ వాసనకి తలుపులన్నీ తెరిచాను. ఆటోలో పడుకోబెట్టి మళ్లీ ఈ బందరు తెచ్చాం.

ఏడవమాకు! నువ్వేడిస్తే నా కోపం తగ్గుద్దా? "చీము పడుతోంది, మంచం దిగొద్దు" అంటే నీ సొమ్మేం పోయేది? మీదీ మా పక్కన కోడూరేగా, మీ అమ్మ కాలికి పుండైతే ఇంట్లో ఏమంటావు? చెప్పు!

అలాగే నేర్పారా? బాగానే నేర్పారు!

పెద్ద డాక్టరుగారూ అంతే. ఇందాక ఆంప్యుటేషన్ అన్నారు. అంటే ఏంటండీ అన్నాను. తన మోకాలి కింద అరచెయ్యి అడ్డంగా పెట్టి, కోసినట్టు చూపించారు.

వరండాలోకి వచ్చేశాను.

లోపల ఆయన అడుగుతున్నాడు, "ఏమన్నారే భాగ్యం?" అని. మూడుసార్లు గుమ్మం దాకా వెళ్లొచ్చాను. నీ మీద ఇంత అరిచినదాన్ని, అక్కడ మాట పెగలట్లేదు.

రా. కళ్లు తుడుచుకుని రా.

కాలు తీసేస్తారని నువ్వే చెప్పు. తెలుగులో చెప్పు.