రేవులో బల్ల వేసిన మాణిక్యాలరావు గారు

1988 జూన్ 20, సోమవారం ఉదయం పది గంటలకు శ్రీ మాణిక్యాలరావు గారు రాజోలులో విద్యాశాఖ జూనియర్ అసిస్టెంటుగా విధుల్లో చేరారు. పది గంటలకని సర్వీసు పుస్తకం చెబుతోంది గాని, నిజానికి ఆయన ఎనిమిదింపావుకే వచ్చి, తాళం తీసేవాళ్ల కోసం మెట్ల మీద కూర్చున్నారట! ఉప్పలగుప్తం మండలంలో ఒక కౌలు రైతు ఇంట పుట్టి, ఆ ఇంట మొట్టమొదట డిగ్రీ చేతబట్టిన ఆ పాతికేళ్ల యువకుడికి ప్రభుత్వోద్యోగమంటే అంత గౌరవం, కాలనియమమంటే అంత భక్తి. ముప్పై ఏడేళ్ల సర్వీసులో ఆ భక్తి సడలింది లేదు. అయితే ఒక్కసారి మాత్రం అదే ఆయన్ని జీవితాంతం మరిచిపోలేనంత బాధపెట్టింది. ఈ నెలాఖరున సూపరింటెండెంటు హోదాలో పదవీ విరమణ చేస్తున్న వారి గురించి ఆ సంగతి దాచి ఎంత పొగిడినా అది సగం అభినందనే. వారిని అడిగితే, "రాయండి, నా పేరు పెట్టే రాయండి" అన్నారు.

రాజోలులో ఆరేళ్లు, కొత్తపేటలో రెండేళ్లు పనిచేసి, 1996లో సీనియర్ అసిస్టెంటుగా పదోన్నతి పొంది వారు అమలాపురం వచ్చారు. అప్పటినుంచీ ఉపాధ్యాయ నియామకాల ఫైలు వారి బల్ల మీదే ఉంది. ఏ ఊరి బడిలో ఏ పోస్టు ఎన్నేళ్లుగా ఖాళీగా ఉందో కాగితం చూడకుండా చెప్పగల ధారణ, ఎవరి సిఫారసుకీ తలవంచని నిష్పాక్షికత, అర్హత ఉన్న అభ్యర్థికి అన్యాయం జరగరాదన్న పట్టుదల వారిని అనతికాలంలోనే అందరి గౌరవానికీ పాత్రులను చేశాయి. సిఫారసు ఉత్తరం పట్టుకొచ్చినవాళ్లకి కాఫీ ఇప్పించి, ఉత్తరం మడిచి వాళ్ల జేబులోనే పెట్టి పంపేవారు. ఆ కాఫీ తాగినవాళ్లు ఈ జిల్లాలో చాలామందే ఉన్నారు.

ఆ తర్వాత రెండో ఏట ఆగస్టులో, ఎంపికైన కోనసీమ అభ్యర్థుల ధ్రువపత్రాల పరిశీలన అమలాపురంలోనే పెట్టారు. చివరి రోజు. సాయంత్రం ఐదు గంటలకి జాబితా ముగించి, రానివారి పేర్ల ఎదురుగా ఎర్రసిరాతో 'గైర్హాజరు' అని రాసి, అధికారి సంతకం తీసుకున్నారు మాణిక్యాలరావు గారు. ఐదూ నలభైకి గేటు దగ్గర ఒక యువకుడు కనిపించాడు. మోకాళ్ల దాకా బురద. సర్టిఫికెట్లు రొయ్యల మేత సంచిలో చుట్టి గుండెకి అదుముకుని ఉన్నాడు. పేరు వీరబాబు, ఊరు గోదావరి పాయ అవతలి మొగలిలంక. వరదకి పొద్దున్నుంచీ పడవలు కట్టేశారు. ఎవరినో బతిమాలి, చేపల నావలో ఏటికి అడ్డంపడి వచ్చాడు.

"పడవ లేదండి బాబూ! లేకపోతే పొద్దున్నే వచ్చేద్దునండి," అన్నాడు.

"సంతకం అయిపోయిందండి. ఇప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు," అన్నారు మాణిక్యాలరావు గారు.

ఆ మాట అబద్ధం కాదు. కానీ అధికారి ఇంకా పక్క గదిలోనే టీ తాగుతున్నారు. అడుగు తీసి అటు వేసి ఉంటే, ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో! అడగలేదు, వెయ్యలేదు. అటెండరు సత్తియ్య దీపాలార్పేదాకా ఆ యువకుడు గేటు దగ్గర అలాగే నిల్చుని, తర్వాత వెళ్లిపోయాడు. జాబితాలో తర్వాతి పేరుకి ఆ ఉద్యోగం వెళ్లింది. నిబంధన ప్రకారం అంతా సక్రమంగానే జరిగింది.

సక్రమంగా జరిగిన ఆ పని మాణిక్యాలరావు గారిని అన్నం తిననివ్వలేదు. రెండు నెలల తర్వాత, వరదలు తీశాక, ఒక శనివారం పడవెక్కి మొగలిలంక వెళ్లారు. వీరబాబు తల్లి నూకాలమ్మ గుమ్మంలో కొబ్బరి ఈనెలు చీరుతోంది. "ఆడు మస్కట్ ఎల్లిపోయేడండి, డ్రైవరు పనికి. మేష్టారవుతాడనుకున్నామండి, ఏటి మీద రాలేకపోయేడు. ఇంతకీ తవరెవరండి?" అంది. ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, పేరు చెప్పకుండానే తిరిగొచ్చారు.

ఆ తిరుగు పడవలో మొదలైందే మన ఆఫీసులో అందరూ ఎరిగిన 'రేవు పుస్తకం'. అట్ట చిరిగితే ప్రతిసారీ కొత్త అట్ట కుట్టించుకున్న ఆ నోటు పుస్తకంలో, కోనసీమలోని ప్రతి లంకకీ ఏ రేవు, మొదటి పడవ ఎన్నింటికి, ఆఖరిది ఎన్నింటికి, గోదావరి ఎంత పెరిగితే పడవలు కట్టేస్తారు, పడవ నడిపే సరంగు పేరేమిటి, అన్నీ ఉన్నాయి. ఒక్కొక్క శనివారం ఒక్కొక్క రేవు. "వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల ప్రదక్షిణలు మొక్కుకున్నానండి. రెండే అయ్యాయి. మిగతావన్నీ పడవల పాలు," అని వారి సతీమణి విజయ గారు ఇప్పటికీ దెప్పుతారు. మేమైతే, "మాణిక్యాలరావు గారు టీచర్లని కాదు, సరంగుల్ని రిక్రూట్ చేస్తున్నారు," అని వెనకాల నవ్వుకున్నాం. ఆయనకి వినపడింది. "సరంగు లేనిదే టీచరు ఎలా వస్తాడండీ?" అన్నారు.

పోస్టింగుల కౌన్సెలింగు నాడు వారిని చూసి తీరాలి. లంక బడి అనగానే ముఖం చిన్నబుచ్చుకునే అమ్మాయిలకి ఆ పుస్తకం తెరిచి, "అమ్మా, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పడవ ఏడున్నరకి. వరదొస్తే నాలుగైదు రోజులు ఇబ్బందే. అద్దెకి గది ఉంది, స్నానాలగది నేనే చూసొచ్చాను, తలుపుకి గడియ ఉంది. పిల్లలు మాత్రం బంగారం," అనేవారు. దాచకుండా చెప్పేసరికి భయం పోయేది. ఏళ్లతరబడి ఖాళీగా పడి ఉన్న లంక పోస్టులు ఒకటొకటిగా నిండాయి. 2014లో సూపరింటెండెంటు అయినా, 2022లో కోనసీమ కొత్త జిల్లా అయి ఫైళ్లన్నీ మూటలు కట్టుకుని వచ్చి పడినా, ఆ పుస్తకం మాత్రం వేరేవారి చేతికి ఇవ్వలేదు. వరద కారణంగా ఒక్క పేరు ఎదురుగా కూడా ఎర్రసిరా పడకూడదన్నది వారు తమకు తాము పెట్టుకున్న నిబంధన. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పడలేదని ఈ కార్యాలయం సగర్వంగా చెప్పుకోగలదు.

ఇక వారి ఆఖరి నియామకాలు. ఈ ఆగస్టులోనూ పరిశీలన ఆఖరి రోజుకే గోదావరి పోటెత్తింది. పడవలు కట్టేశారు. లంకల నుంచి నలుగురు రావాలి. మాణిక్యాలరావు గారు ముందురోజే అధికారిని ఒప్పించి, రాతపూర్వకంగా ఉత్తర్వు పుచ్చుకుని, పరిశీలన బల్లనే రేవుకి తరలించారు. అటునుంచి తీసుకురావడానికి రెవెన్యూ వారి ఇంజను పడవ మాట్లాడారు. రేవులోని టీ కొట్టు రేకుల కింద బల్ల, రెండు కుర్చీలు, రిజిస్టరు. పక్కన సీనియర్ అసిస్టెంటు లలిత గారు. మధ్యాహ్నానికి ముగ్గురు వచ్చారు. నాలుగో అమ్మాయి జాడ లేదు. నాలుగున్నర దాటింది. ఆయన కూర్చోలేదు, వానలో నీళ్ల అంచున నిలబడి అవతలి ఒడ్డే చూస్తున్నారు. "తడిసిపోతున్నారు, లోపలికి రండి సార్," అని లలిత గారు పిలిచినా వినలేదు.

ఐదుకి పది నిమిషాలుందనగా పడవ ఒడ్డుకి తగిలింది. అమ్మాయి గబగబా బల్ల దగ్గరికొచ్చి సర్టిఫికెట్లు పరిచింది. మాణిక్యాలరావు గారు ఒక్కొక్కటే పైకి చదువుతూ రిజిస్టరులో టిక్కు పెడుతున్నారు. "పేరు సాయిదుర్గ. ఊరు మొగలిలంక. తండ్రి పేరు..." అని ఆగిపోయారు.

"వీరబాబండి. ఆయ్, నేనేనండి," అన్నాడు వెనకాల గొడుగు పట్టుకు నిలబడ్డ నెరిసిన జుట్టు మనిషి.

పెన్ను కింద పెట్టి లేచారు మాణిక్యాలరావు గారు. "ఆ రోజు నేను పక్క గదిలోకి వెళ్లి ఒక్క మాట అడిగి ఉండాల్సిందండి. అడగలేదు. తప్పు నాదే," అన్నారు అందరి ముందూ.

"రూలు ప్రకారమే చేసేరు లెండి. దానికేం బాధ లేదండి," అన్నాడు వీరబాబు. గొడుగు ముడుస్తూ, "వరదలో ఏటికి అడ్డంపడి వచ్చేనండి ఆ రోజు. కాళ్లు వణికిపోతున్నాయి. కాస్త కూర్చోమని కూడా అనలేదండి మీరు. మస్కట్‌లో పదిహేడేళ్లూ అదే గుర్తొచ్చేది," అన్నాడు.

మాణిక్యాలరావు గారు తమ కుర్చీని తామే ఎత్తి, బల్ల చుట్టూ తిరిగి తెచ్చి, వీరబాబు వెనకాల వేసి, భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. తరువాత నిలబడే, వంగి, సాయిదుర్గ పేరు ఎదురుగా 'హాజరు, 4.55' అని రాశారు. లలిత గారు కళ్లు తుడుచుకుంటూ స్టాంపు తలకిందులుగా వేసేశారు. ఆ కాగితం రికార్డు గదిలో భద్రంగా ఉంది. ఆ పోస్టు మొగలిలంక బడిదే కాకపోయినా, పక్క లంక బడిలో సాయిదుర్గ గారు ఇప్పుడు మూడో తరగతికి పాఠాలు చెబుతున్నారు.

మాన్యులు మాణిక్యాలరావు గారు తమ రేవు పుస్తకాన్ని నిన్న లలిత గారి చేతికి అప్పగించారు. "శనివారాలు ఇక నీ వంతమ్మా," అన్నారు. కనుక విజయ గారి మిగిలిన ఐదు శనివారాలూ ఈ ఏడే పూర్తికావాలని, వాడపల్లి వెంకన్న కటాక్షంతో ఆ దంపతులిద్దరూ ఆయురారోగ్యాలతో, మనుమల ముచ్చట్లతో నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని కార్యాలయ సిబ్బంది అందరి తరఫునా మనసారా కోరుకుంటున్నాం. ఇంకొక్క మాట. సన్మాన సభకి పిలవడానికి ఫోను చేస్తే వీరబాబు గారు వస్తానన్నారు. ఈలోగా ఒక కబురు కూడా చెప్పమన్నారు: "రిటైరయ్యేక ఓ పూట మా ఊరు రమ్మనండి. పడవ నేనే పంపుతాను. గుమ్మంలో కుర్చీ వేసి ఉంచుతానండి."