ఐదో ఆటగాడు

1949 మే నెల, నూజివీడు. యుద్ధంలో దెబ్బతిని కాళ్ళు పడిపోయిన ఐదుగురు మాజీ సైనికులు చక్రాల కుర్చీల్లో కూర్చుని బాస్కెట్‌బాల్ ఆడుకునే మైదానం. ఆట ముగిశాక అక్కడ ఇద్దరే మిగిలారు: కెప్టెన్ క్రీస్తుదాసు, ఇన్నయ్య.

“ఆగు ఇన్నయ్యా. కుర్చీ ఇటు తిప్పు.”

“ఇంటికెళ్ళాలన్నా. జోజమ్మ ఎదురుచూస్తుంటుంది.”

“మీ ఆవిడ ఎక్కడికీ పోదులే. ఆ చివరి బంతి నీకెలా అందిందిరా?”

“ఎలా అంటే... చెయ్యి చాపా. అందింది.”

“నా తల మీంచి పోయిన బంతి అది.”

“పక్క తోటలో మామిడికాయలు కోసేవాళ్ళు గోడెక్కి ఈలలేస్తుంటే ఊపొచ్చిందన్నా.”

“ఊపొస్తే? మన ఆటలో మొదటి రూలేంటి?”

“రెండుసార్లు చక్రం తోశాక బంతి నేలకి కొట్టాలి.”

“అది కాదు. తెలిసే తప్పించుకుంటున్నావు.”

“...సీటు మీంచి లేవకూడదు.”

“లేచావు. పాదం ఆనించి లేచావు. నేను చూశా.”

“కుర్చీ ఒరిగిందన్నా. నువ్వేగా గుద్దావు!”

“నేను గుద్దింది పక్కనించి. నువ్వు లేచింది నిటారుగా పైకి. వచ్చే ఆదివారం బెజవాడ జట్టు వస్తోంది. వాళ్ళు చూస్తే ఏమంటారు? కాళ్ళున్నవాణ్ణి కూర్చోబెట్టి ఆడిస్తున్నారనరూ? చెప్పు, మొదట్నించీ నటనేనా?”

“అంత మాటనకు. ఆసుపత్రిలో నీ పక్క మంచం నాదే. ఏడాదిపాటు చూశావు. నటనా అది?”

“మరేంటి?”

“మామిడి పూతప్పుడు బొటనవేలు కదిలింది. పిందె పడేసరికి మోకాలు. మొన్న తోటలో కొమ్మ పట్టుకుని లేచి... పదడుగులు వేశా.”

“పదడుగులు! జోజమ్మకి తెలుసా?”

“తెలీదు.”

“కట్టుకున్నదానికే చెప్పలేదా? ఏం దాస్తున్నావురా?”

“చెబితే ఊరంతా చెప్పుకుంటుంది. నీ చెవిన పడుతుంది. ఆడొద్దంటావు.”

“అంటాను.”

“నేను మానేస్తే మీరు నలుగురే. అయినా... అదొక్కటే కాదన్నా. ఊళ్ళో ఎవరు కనబడ్డా అయ్యో పాపం అంటారు. ఇక్కడైతే గుద్ది పడేస్తారు, పడితే నవ్వుతారు. చేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేను. అయినా ఆదివారం ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెడతా. నడిచానంటే ఇదంతా పోతుంది.”

“నిలబడు.”

“అన్నా...”

“నేను నమ్మాలి. నా కుర్చీ పట్టుకుని నిలబడు.”

“పడిపోతానేమో.”

“చక్రాలు గట్టిగా పట్టుకున్నా. లే.”

“...లేచా. వణుకుతున్నాయి... నిలబడ్డానన్నా. ఏంటలా చూస్తావు?”

“ఇంత పొడుగువాడివని తెలీదురా నాకు.”

“కోపమొచ్చిందా?”

“నీ కుర్చీ ఇక్కడే వదిలెయ్. నా కుర్చీ వెనక పట్టుకుని, తోసుకుంటూ రా. మీ ఇంటిదాకా.”

“మరి ఆదివారం ఆట?”

“నలుగురం ఆడతాం. ఓడిపోతాం. నువ్వు నడువు.”