రుమాలు కింది ఇంటిపేరు

సాయంత్రం ఆరున్నర అయితాంది. పొద్దటి సంది పట్టిన ముసురు ఇంకా ఇడుస్తలేదు. తడిసి వచ్చినవ్, సరె. తల తుడుచుకోమంటె తుడుచుకోవేంది? ఇంట్లకు వచ్చినంక గూడ తలకు గా రుమాలెందుకయ్య?

తియ్యి. నన్ను తియ్యమంటవా?

గుండు.

కూసో. నిలవడి చెప్పే ముచ్చట గాదిది. గా జంపఖానా మీద కూసో, నువ్వు నేసిందే గద. అత్తమ్మ లోపట పండుకున్నది. మెల్లగనే మాట్లాడుత. గొంతు లేపుడు నాకు చాతగాదు, నీకు తెల్సు.

మరిపెడల దోస్తు పోయిండన్నవ్. వెంకటేశ్వర్లు, చిన్నప్పటి దోస్తు, దినాలకు పోకపోతె బాగుండదన్నవ్. నేనే సద్ది గట్టిచ్చి పంపిన. దోస్తు దినాలకు పోయినోళ్లు దండం పెట్టి, ఇంత బువ్వ తిని వస్తరు. గుండెవరన్న గీయించుకుంటరా? పదో దినం మంగలి ముందట కూసునేది పాలోళ్లు. ఒక్క ఇంటిపేరోళ్లు. సావు మైల పట్టేటోళ్లు. నేనూ సాలోళ్ల ఇంట్లనే పుట్టిన, గీ మాత్రం తెల్వదా?

వెంకటేశ్వర్లు ఇంటిపేరు వేముల. మనం పడుగులోళ్లం. వేములోళ్ల మనిషి పోతె పడుగులోళ్లకు మైలెట్ల పట్టింది?

ఏందీ? జర గట్టిగ చెప్పు. వాన సప్పుడుకు ఇనవడ్తలేదు.

అన్ననా? నీ పెద్దనాయిన కొడుకా?

అంటె మీ నాయిన వేములోళ్ల పిల్లగాడు. మరిపెడ నుంచి మన కొత్తవాడకు, అత్తమ్మ పుట్టింటికి ఇల్లరికం వచ్చిండు. ఇల్లరికపోడని వాడ నవ్వుతాంటె చూడలేక, పిల్లనిచ్చిన మామ తన ఇంటిపేరే అల్లునికి పెట్టిండు. బడిల నీకు గూడ గదే రాయించిండు. తెల్సిన ముసలోళ్లు ఒక్కొక్కలు పోయిండ్రు. పేరు మిగిలింది.

ఇంతేనంటానవా? ఇంతకంటె ఇంకేం కావాలె నీకు?

మా నాయిన ములుగు నుంచి జీపు గట్టుకొని వచ్చి నన్ను నీ చేతుల పెట్టిండు. పడుగులోళ్లకు పిల్లనిచ్చినని ఊరంత చెప్పుకున్నడు పాపం. పోనియ్యి. అది నా ముచ్చట. ఏ ఇంటిపేరు పెట్టినా నేను గీ పొయ్యి కాడనే ఉంటుంటి. నేను అడిగేది గది గాదు.

మహిత ముచ్చట అడుగుతాన.

మొకం అటు తిప్పకు.

నెక్కొండ పిల్ల, తనదీ పడుగుల ఇంటిపేరే. హన్మకొండల మన జీవన్‌తోని ఒక్కటే బడిల పాఠం చెప్పేది. మన కొడుకును జేస్కుంటనని అడగనీకి పెద్దోళ్లను తోలకుంట ఒక్కతే వచ్చింది, గిదే జంపఖానా మీద కూసున్నది. భయపడుకుంటనే కూసున్నది గని, మాట మొదలువెట్టినంక ఆగిందా? ఇంటిపేర్లంటె పానమట ఆ పిల్లకు. ఇంగ్లీషోళ్లల్ల స్మిత్ అంటె కమ్మరోడట, వెబ్‌స్టర్ అంటె బట్ట నేసేటోడట, జర్మనోళ్లకు వెబర్ అన్నా మన సాలోళ్లేనట. ఐస్‌లాండని ఒక దేశమున్నదట, ఆడ ఇంటిపేరే ఉండదట, తండ్రి పేరు తగిలించుకుంటరట. చైనాల మన లెక్కనే ఇంటిపేరు ముందు, పేరు ఎనక. పక్కింటి ఫాతిమా బేగం గూడ వచ్చి ఇన్నది. నీ బేగం ఇంటిపేరు గాదక్కా, మర్యాదకు పిలిచే మాట అంటె, మా ఇంట్ల నాకు మర్యాద ఎక్కడున్నదమ్మా అని నవ్విచ్చింది.

ఆఖరికి అసలు మాట చెప్పింది. కొరియాల గూడ ఒక్క ఇంటిపేరు, ఒక్క మూలమైతె పెండ్లి జేస్కోవద్దని చట్టమే ఉండెనట. ఆడి కోర్టు అది చెల్లదన్నదట. గంత పెద్ద దేశమోళ్లే మారిండ్రమ్మా, అన్నది. నా మొకం దిక్కే చూసుకుంట అన్నది.

మరి ఆ కొరియా సుట్టాలు పెండ్లికి వస్తరా బిడ్డ, అన్న నేను. అందరు నవ్విండ్రు. ఆ పిల్ల గూడ నవ్వింది. ఎట్ల నవ్విందో ఇప్పుడు యాదికొస్తాంది.

నువ్వేం జేసినవ్ గప్పుడు?

నిన్నే అడిగింది. పెదనాయినా, పడుగుల అనే పేరు మనకెట్ల వచ్చిందని. నువ్వు చాయ్ కింద పెట్టి మరీ చెప్పినవ్. మా తాతల తాత వాడ ఈ కొస నుంచి ఆ కొస దాక ఒక్క ముడి లేకుంట పడుగు పరిచిండు, అది చూసి ఊరోళ్లు పెట్టిన పేరిది, అన్నవ్. మీసం మీద చెయ్యి గూడ వేసినవ్. ఆ పిల్ల కండ్లు ఇంత జేసుకొని ఇన్నది.

ఎవరి తాత? ఆ పిల్ల తాత. ఆ పిల్ల ముచ్చటనే ఆ పిల్లకు నీదని చెప్పినవ్.

అత్తమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకొని ఇడిసిపెట్టలే. కండ్లళ్ల నీళ్లు. ముసలితనమనుకున్న నేను. నువ్వు, అమ్మా నువ్వు లోపటికి నడువు, అన్నవ్. ఆమె నోరు మూసుకొని పోయింది. పుట్టింటి పిల్లను పట్టుకున్నదని నాకేం తెల్సు?

వరస నువ్వే చెప్పు. అత్తమ్మ పుట్టింటి పిల్ల నీకేమైతది? మేనకోడలైతది. జీవన్‌కు మరదలు. పెదనాయినా అంటాంటె మామవి పలికినవ్.

నేనేమన్న? నువ్వు నాకు బిడ్డ వరస, జీవన్ నీకు అన్న, బిడ్డ లెక్క ఇంత తిని పో అన్న. తిన్నది. మెతుకు ఇడవకుంట తిన్నది. కంచం తానే కడిగి బోర్లిచ్చింది. గడప కాడ, పోయొస్త అనలే. పోత అన్నది.

అన్నాచెల్లెండ్లు అని కొడుకు ముందట నేను నెత్తి కొట్టుకున్న. వావి తప్పితె దేవుడు ఊకోడన్న. వాడు నీ దిక్కు చూసిండు. నువ్వు, మీ అమ్మ చెప్పింది ఇనురా అన్నవ్. చెప్పింది నేనా?

ఎందుకు దాసినవ్?

పెద్దమ్మ తల్లి కొలుపుల మొదటి కొబ్బరికాయ. పడుగులోళ్ల పెద్దవని నీతోని కొట్టిస్తరు. ఇల్లరికపోని కొడుకని తెలిస్తె ఇంకొకల చేతికి పోతది. గదేనా? నీ నోటితోని గది ఇంటననుకోలే.

కొట్టినవ్ గద, ఏటా. పలిగింది పైకి కొబ్బరికాయ, లోపట నా కొడుకు.

ఎండకాలంల ఆ పిల్ల పెండ్లయింది. మన ఇంటిపేరోళ్లని మనల్ని ముందుగాల పిలిచిండ్రు. నేను పోలే. నువ్వు పోయినవ్, పెదనాయిన వరసల తలంబ్రాల కాడ నిలవడి ఫొటో దిగినవ్. గోడకు పెడుతనన్నవ్ గూడ. గప్పుడే జీవన్ ఆ బడి ఇడిసిపెట్టి ములుగుల పని వెతుక్కున్నడు. పెడితె తింటడు, అడిగితె చెప్తడు. అమ్మా అని తనంతట తాను పిలిచి ఎన్నాళ్లయింది?

ఇన్నాళ్లు వానికి శత్రువును నేను. నీ అబద్ధం నేను మోసిన, నా మాట అనుకొని మోసిన.

ఏడువకు. నీ ఏడుపు చూసే ఓపిక ఇయ్యాల నాకు లేదు.

ములుగు తొవ్వల వాగు రోడ్డెక్కిందని ఇందాక ఫాతిమా బేగం చెప్పి పోయింది. వానికి ఫోన్ కలుస్తలేదు. నీ తోని మాట్లాడుకుంటనే చెవులు రోడ్డు మీద పెట్టిన. నీ కోసమని తలుపు తీసి కూసున్ననుకున్నవా?

ఆగు. బండి సప్పుడు.

వానిదే. గేటు కాడ ఆపిండు. చెప్పులు ఇడుస్తాండు.

చెప్తవా? నువ్వే చెప్పాలె. నేను చెప్పను, ఈసారి నీ మాట నేను చెప్పను.

ఏం జేస్తానవ్? రుమాలు మళ్ల కడ్తానవా?

కట్టుకో. మంచిగ కట్టుకో, చెవుల మీదికి గుంజుకో. ఎంటికలు మళ్ల వస్తయి, నీకేం ఫికర్.

అత్తమ్మ ఇంట్లనే ఉన్నది. మరిపెడ పోయినోనివి నువ్వు వచ్చినవ్. ములుగు పోయిన నా కొడుకు వాగు దాటి వచ్చిండు. నేను యాడికి పోలే. అందరం క్షేమమే. కోడలొక్కతి, అన్నం పెట్టి నేనే పంపిన.